పదకొండు నెలల ఇల్లు

బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగువాళ్లలో చాలామంది దగ్గర ఒక స్టాంపు కాగితం ఉంటుంది. గడువు పదకొండు నెలలు అని అందులో రాసి ఉంటుంది. పన్నెండు ఎందుకు కాదని ఎవరూ అడగరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ ఎందుకని దేశమంతా పదకొండు నెలలకే రాసుకుంటుంది. గడువు తీరగానే అద్దె కాస్త పెంచి మళ్లీ పదకొండు, ఆ తర్వాత మళ్లీ పదకొండు. ఇలా పదకొండేసి నెలలు కలుపుకుంటూ ఏడెనిమిదేళ్లు ఒకే గదిలో గడిపినవాళ్లు మారతహళ్లి సందుల్లో కొల్లలుగా కనిపిస్తారు.

కాగితం మీద గడువు ఓనరు సౌకర్యం కోసం. చిక్కల్లా ఏమిటంటే, ఆ కాగితం మీద చేత్తోపాటు మనసు కూడా సంతకం పెట్టేస్తుంది. ‘ఎన్నాళ్లుంటాంలే ఇక్కడ’ అన్న మాట మొదలవుతుంది. ఇక కిటికీకి తెర కట్టం. బల్బు మసకగా ఉన్నా మార్చం. సూట్‌కేసు సగమే ఖాళీ చేసి మంచం కిందికి తోస్తాం. పక్కింటివాళ్ల పేరు అడగం. తినడం, పడుకోవడం, స్నేహాలు, ఆదివారాలు అన్నీ ‘సొంతిల్లు వచ్చాక చూద్దాం’ ఖాతాలో పడిపోతాయి. చిన్న ఇంట్లో మనిషి ఇమడలేకపోతున్నాడంటే చాలాసార్లు నేను అనుమానించేది చదరపు అడుగులను కాదు, ఈ వాయిదాను.

బెంగళూరు మనకు విదేశం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో సుమారు 14 శాతం మంది మాతృభాష తెలుగు. బీటీఎం లేఔట్‌లోనో మడివాళలోనో ఆంధ్రా మీల్స్ బోర్డు కనపడని వీధి ఉండదు. అయినా కడప నుంచో కరీంనగర్ నుంచో వచ్చి మొదటిసారి వన్ ఆర్‌కే (ఒక గది, ఒక వంటిల్లు) తాళం తీసినవాడికి కలిగే దిగులు, న్యూజెర్సీలో బేస్‌మెంటు గది తాళం తీసినవాడి దిగులుకు ఏమంత దూరం కాదు. తెలిసినవాళ్లు లేని వీధి, తెలియని నీళ్ల వేళలు, చేయి చాపితే అందే గోడలు రెండుచోట్లా ఒకటే.

ఈ గదులు ఇంత చిన్నవి కావడానికి కారణం ఇక్కడి స్థలాల కొలతల్లో ఉంది. బెంగళూరులో సైటు అంటే ఎక్కువగా 20 అడుగులు, 30 అడుగులు. లేదంటే 30, 40. ఓనరు ఒక అంతస్తులో ఉంటాడు. మిగతా అంతస్తులను కోసి గది, వంటిల్లు, బాత్‌రూము ఉన్న ముక్కలుగా అద్దెకిస్తాడు. ఆ పైన నీళ్ల ట్యాంకు పక్కన రేకులు వేసి ఇంకో గది కడతాడు. దాని పేరు పెంట్‌హౌస్! రెండిళ్ల మధ్య ఖాళీ వదలడం కాగితం మీదే జరుగుతుంది కాబట్టి, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, దాని మీద పైపులు, ఒక్కోసారి వాళ్ల వంటింటి పోపు వాసన.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు కొన్ని ఇరుకును కూడా ఒక పాఠంలాగా అమ్ముతాయి. తక్కువలో బతకడం నేర్చుకుంటే గొప్పవాళ్లమవుతామని ఊరిస్తాయి. ఆ మాట నేను నమ్మను. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాస గది 9.5 చదరపు మీటర్లకు, అంటే సుమారు 102 చదరపు అడుగులకు తగ్గకూడదని చెప్తుంది. వెడల్పు కనీసం 2.4 మీటర్లు ఉండాలంటుంది. గదికి ముగ్గురికి మించి ఉంటే ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం దాన్ని కిక్కిరిసిన ఇల్లుగా లెక్కిస్తుంది. పీజీ హాస్టల్లో నలుగురు పడుకునే గదిలో నిద్ర పట్టకపోతే, గోడ చెమ్మకు దగ్గు ఆగకపోతే, అది మీ స్వభావంలో లోపం కాదు. గది మారాలి. మారడానికి అడ్డుపడేది తరచూ అడ్వాన్సే. పది నెలల అద్దె ముందే తీసుకోవడం ఇక్కడి పాత ఆనవాయితీ. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండు నెలలు చాలంది కానీ, రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది అమలయ్యేది. అందుకని ఇల్లు వెతికేటప్పుడు అద్దెలో వెయ్యి తగ్గించమని బేరమాడే బదులు అడ్వాన్సు తగ్గించమని ఆడండి. చేతిలో డబ్బున్నవాడు చెడ్డ గదిలోంచి బయటికి రాగలడు.

గాలీ వెలుతురూ ఫర్వాలేదు, ఇల్లు చిన్నదే గాని చెడ్డది కాదు అనుకున్నాక మిగతా కథ మొదలవుతుంది.

మొదటి వారం పరుపు, బకెట్టు, మగ్గు, కిటికీ తెర తప్ప ఏమీ కొనకండి. ఎండ ఏ వైపు నుంచి పడుతుందో, ఫోన్ సిగ్నల్ ఏ మూల అందుతుందో, రాత్రి వీధిలైటు ఎవరి ముఖం మీద పడుతుందో ఆ వారంలో తెలుస్తుంది. టేపు పెట్టి తలుపు వెడల్పు కొలవండి. మెట్ల మలుపు దగ్గర బీరువా ఇరుక్కుపోయి, మోసుకొచ్చిన కూలీలకు రెండింతలు ఇచ్చి వెనక్కి పంపిన ఇళ్లు ఈ ఊళ్లో తక్కువేమీ కాదు.

అసలు చిక్కు కొన్నవాటితో కాదు, ఇంటి నుంచి వచ్చినవాటితో. పిల్లవాడు పరాయి ఊళ్లో ఉంటున్నాడంటే మనవాళ్ల ప్రేమంతా సామాను రూపంలో బస్సెక్కుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తా, రెండు జాడీల ఆవకాయ, నెయ్యి డబ్బా, కారప్పొళ్లు, పెళ్లిలో వచ్చిన స్టీలు బిందె, ‘ఎందుకైనా మంచిది’ అని ఇంకో కుక్కరు. కాదంటే అమ్మ నొచ్చుకుంటుంది. తెచ్చుకుంటే కాళ్లు పెట్టే చోటుండదు. ఒక చిన్న లెక్క చూడండి. ఉదాహరణకి 200 చదరపు అడుగుల ఇంటికి నెలకు 12,000 అద్దె అనుకుందాం. చదరపు అడుగు 60 రూపాయలు. ఆరు చదరపు అడుగులు ఆక్రమించిన ట్రంకుపెట్టె నెలకు 360 రూపాయల అద్దె తింటోంది. అందులో ఉన్నవి ఇంజనీరింగ్ రికార్డు పుస్తకాలు! ఆ బియ్యం అయిదేసి కిలోల చొప్పున వీధి చివరి కొట్లోనే దొరుకుతుంది. ‘అమ్మా, ఆవకాయ పంపు, బియ్యం వద్దు’ అని గొంతు పెంచకుండా చెప్పగలగడం, నా దృష్టిలో ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇవ్వడం కంటే పెద్ద నైపుణ్యం.

వదిలించుకోవడం ఎందుకంత కష్టమో మనస్తత్వ శాస్త్రం చక్కగా పట్టుకుంది. డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చారు. అమ్మమంటే వాళ్లు అడిగిన ధర, కప్పు లేనివాళ్లు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు. చేతికొచ్చి కొన్ని నిమిషాలే అయినా వస్తువు మనదైపోతుంది, దాని విలువ పెరిగిపోతుంది. ఇక పదేళ్లుగా మనతో ఉన్న బ్యాగు సంగతి చెప్పేదేముంది! కాబట్టి ‘ఇది పనికొస్తుందా’ అని అడగకండి. ప్రతిదీ పనికొచ్చేదిగానే కనిపిస్తుంది. ‘ఇది నా దగ్గర లేకపోతే ఇవాళ డబ్బిచ్చి కొని ఈ గదిలోకి తెస్తానా’ అని అడగండి. జవాబు దానంతటదే వస్తుంది. అయితే ఒక మినహాయింపు ఇచ్చుకోవాలి. పూర్తిగా పనికిరానిది, మీకు మాత్రం ఇష్టమైనది ఒక్కటి ఉండనివ్వండి. తాతయ్య గడియారమో, పగిలిన వీణ బుర్రో. అన్నీ పనికొచ్చేవే ఉన్న గది లాడ్జి గదిలా ఉంటుంది.

అమ్మానాన్న మొదటిసారి చూడటానికి వచ్చినప్పుడు ఈ గదికి అసలైన పరీక్ష. నాన్న మంచం అంచున కూర్చుని ఎటు చూడాలో తెలియక ఫ్యాను వైపు చూస్తాడు. అమ్మ వంటింట్లో ఒక్క అడుగు వేసి, వెనక్కి తిరగడానికి చోటు లేక అలాగే వెనక్కి నడిచొచ్చి, ‘ఇంత దానికి పన్నెండు వేలా నాన్నా’ అంటుంది. చాలామంది ఈ మాటకు భయపడి వాళ్లను రానివ్వరు. ‘పెద్ద ఇల్లు తీసుకున్నాక పిలుస్తాలే’ అంటారు. ఇది వాయిదాల్లోకెల్లా ఖరీదైన వాయిదా. పిలవండి. నాన్నకు మంచం, అమ్మకు పరుపు, మీకు చాప. ఒక రాత్రి గడిస్తే వాళ్లకే గుర్తొస్తుంది, తాము పెరిగిన ఇళ్లలో పడగ్గది అనే మాటే లేదని. పొద్దున పరుపులు చుట్టి మూలకు పెడితే అది కూర్చునే చోటు, మధ్యాహ్నం విస్తళ్లు వేస్తే భోజనశాల, సాయంత్రం దీపం పెడితే చదువుకునే గది. ఎనిమిదిమంది బతికిన ఇళ్లు అవి.

అదే కిటుకును ఇరవయ్యొకటో శతాబ్దంలో గ్యారీ చాంగ్ అనే వాస్తుశిల్పి హాంకాంగ్‌లో యంత్రంలా మార్చి చూపించాడు. అతడిది 344 చదరపు అడుగుల ఫ్లాటు. చిన్నప్పుడు తల్లిదండ్రులు, ముగ్గురు చెల్లెళ్లతో పెరిగింది అందులోనే. పెద్దయ్యాక ఆ ఫ్లాటునే కొనుక్కుని, గోడలన్నీ పైకప్పు పట్టాల మీద జరిగేలా కట్టుకున్నాడు. ఒక గోడ లాగితే వంటిల్లు, ఇంకోటి తోస్తే స్నానాల తొట్టి, మరోటి దించితే మంచం. అలా 24 రకాలుగా మారుతుంది ఆ ఒక్క గది. మనకు అంత ఖర్చు అక్కర్లేదు. అతడు పట్టాల మీద చేసినదాన్ని మన అమ్మమ్మలు గడియారంతో చేశారు. చిన్న ఇంట్లో గదులను విడదీసే గోడ కాలమే.

అందుకే చిన్న ఇంటికి ఫర్నిచరు కంటే ముందు వేళలు కావాలి. పొద్దున లేవగానే పక్క ఎత్తేయాలి, మినహాయింపు లేదు. పరుపు పగలంతా పరిచి ఉందంటే గది మొత్తం మంచమే. తినడం అక్కడే, ల్యాప్‌టాప్ అక్కడే, ఫోన్లో గొడవలు అక్కడే, రాత్రికి నిద్ర మాత్రం అక్కడికి రాదు. నిద్రలేమికి రిచర్డ్ బూట్జిన్ 1972లో సూచించిన చికిత్స మూలసూత్రం ఇదే: మంచాన్ని నిద్రకే వాడాలి, నిద్ర రాకపోతే లేచి అవతలికి పోవాలి. అవతల అనేదే లేని గదిలో ఎలా పోవడం అంటారా? ఒక మడత కుర్చీ కొనండి. వెయ్యి రూపాయల కుర్చీ మీకు రెండో గది అవుతుంది. అందులో కూర్చుంటే మేలుకున్నట్టు, పరుపు పరిస్తే పడుకుంటున్నట్టు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పని ముగించాక ల్యాప్‌టాప్ సంచిలో పెట్టి జిప్పు వేయండి. ఆ జిప్పు చప్పుడే మీ ఆఫీసు గేటు.

ఒంటరిగా ఉన్నవాళ్లకు ఇంతవరకు చాలు. ఇద్దరుంటే కథ వేరు. రూమ్మేట్లయినా కొత్త దంపతులయినా, వన్ ఆర్‌కేలో అలిగి వెళ్లి కూర్చోవడానికి ఇంకో గది ఉండదు. పెద్ద ఇంట్లో కోపం తలుపు వేసుకుని ఒక గంటలో చల్లారుతుంది. ఇక్కడ ఆ కోపం గిన్నెల చప్పుడుగా, లైటు ఆర్పే తీరుగా, ఫోన్ స్పీకరు శబ్దంగా బయటికొస్తుంది. ఇలాంటి ఇళ్లలో గొడవలన్నీ వినడానికి సిల్లీగా ఉంటాయి. తడి తువ్వాలు ఎక్కడ ఆరేశావు, రాత్రి పదకొండుకు మిక్సీ ఎందుకు వేశావు, మీ అక్కతో గంటసేపు నా పక్కనే ఎందుకు మాట్లాడావు. అసలు కారణం తువ్వాలు కాదు. ఏకాంతం దొరకలేదు, అది అడగడం రాలేదు. మన ఇళ్లలో ‘నాకు కాసేపు ఒంటరిగా ఉండాలనుంది’ అంటే ఎదుటివాళ్లు ‘నేనేం చేశాను’ అని బాధపడతారు. ఈ వాక్యాన్ని నొప్పించకుండా చెప్పడం, నొచ్చుకోకుండా వినడం ఇద్దరూ నేర్చుకోవాలి.

నాకు తెలిసిన ఒక కర్నూలు జంట దీనికి చక్కటి పద్ధతి పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం అరగంట అతను వీధిలోకి వెళ్తాడు, ఇల్లంతా ఆమెది. పొద్దున ఆమె పార్కుకు వెళ్లే అరగంట ఇల్లంతా అతనిది. వెళ్లినవాళ్లను ఎక్కడికి వెళ్లావు, ఏం చేశావు అని అడగకూడదు. ఆ అరగంటల్లో వాళ్లేం చేస్తారో నాకూ తెలియదు. ఏమీ చేయరేమో కూడా. మా పెళ్లి నిలబడింది ఆ అరగంటల మీదే అని మాత్రం ఆమె నవ్వుతూ అంది. రూమ్మేట్లు కూడా ఇంట్లో చేరిన మొదటి ఆదివారమే కూర్చుని లైటు ఎన్నింటికి ఆర్పాలి, అతిథులు రాత్రి ఉండొచ్చా, సిలిండరు ఎవరు తెస్తారు అన్నవి మాట్లాడుకోవాలి. స్నేహితుల మధ్య రూల్సేమిటి అని మొహమాటపడితే ఆరో నెలకు స్నేహం మిగలదు.

ఇంట్లో ఎన్ని సర్దినా ఇంకా చాలదు. ఆ కొరత తీర్చాల్సింది ఊరు. ఈ విషయంలో బెంగళూరు ఉదారమైన నగరం. ఇరుకుకు ఈ ఊరు ఇచ్చిన తెలివైన జవాబు దర్శిని హోటలు. 1980ల్లో జయనగర్‌లో మొదలైన ఈ పద్ధతిలో కుర్చీలు తీసేశారు. నిలబడి ఇడ్లీ తిని, బై టూ కాఫీ తాగి వెళ్లిపోవచ్చు. చిన్న చోటు, తక్కువ ధర, ఎంతమంది వచ్చినా గుక్క తిప్పుకోని వేగం. రోజూ ఒకే వేళకు ఒకే దర్శినికి వెళ్తే, కాఫీ పోసేవాడు మిమ్మల్ని చూడగానే షుగర్ లెస్ అని వాడే కేకేస్తాడు. పరాయి ఊళ్లో ఆ కేక విలువ చిన్నది కాదు. ఇల్లూ ఆఫీసూ కాని ఇలాంటి చోట్లను రే ఓల్డెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1989లో రాసిన పుస్తకంలో మూడో చోటు అన్నాడు. పెద్ద ఇంట్లోవాళ్లకు అది సరదా, వన్ ఆర్‌కేలోవాళ్లకు అవసరం.

మీ హాలు కబ్బన్ పార్కులో ఉంది. మీ చదువుకునే గది అదే పార్కులో, ఎర్రటి శేషాద్రి అయ్యర్ స్మారక భవనంలో, కేంద్ర గ్రంథాలయంలో ఉంది. కొన్నేళ్లుగా శనివారాల్లో అక్కడి చెట్ల కింద కబ్బన్ రీడ్స్ పేరుతో జనం చాపలు పరుచుకుని, ఎవరి పుస్తకం వాళ్లు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా చదువుకుంటారు. కొత్తవాళ్లతో ఏం మాట్లాడాలో తెలియని బిడియస్థులకు ఇంతకంటే అనువైన పరిచయస్థలం ఉండదు! కబ్బన్ పార్కూ లాల్‌బాగ్ తోటా దూరమైతే మీ పేటలో చెరువు ఉంటుంది: సర్జాపుర రోడ్డువాళ్లకు కైకొండ్రహళ్లి, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌వాళ్లకు అగర. మీ కిటికీకి గోడ మాత్రమే కనిపిస్తోందంటే రోజుకు ఒక్కసారైనా కంటికి ఆకుపచ్చ చూపించి తీరాలి. రోజర్ ఉల్రిచ్ 1984లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధం. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే ముందుగా ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. 46 మంది మీద చేసిన చిన్న అధ్యయనం అది. దాని మీద మేడలు కట్టనక్కర్లేదు గాని, సాయంత్రం చెరువు గట్టు చుట్టూ ఒక చుట్టు తిరగడానికి ఆ మాత్రం ఆధారం చాలు.

ఈ ఊళ్లో చదువు కోసం మరొకరి ఇంట్లో తలదాచుకున్నవాళ్లలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఒకరు. పూర్వీకులది ప్రకాశం ప్రాంతపు మోక్షగుండం, పుట్టింది ముద్దేనహళ్లి. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివేటప్పుడు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ నెట్టుకొచ్చి 1881లో బీఏ పూర్తి చేశారు. అప్పటికి ఆయనకు ఈ ఊళ్లో సొంతమని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఊరు మాత్రం ఉంది.

ఊరును వాడుకోవాలంటే ఊళ్లో ఉండాలి కదా! మనవాళ్ల అసలు సమస్య అక్కడే. శుక్రవారం రాత్రి మడివాళ దగ్గర నిలబడి చూడండి. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి, నెల్లూరు, అనంతపురం. ప్రైవేటు బస్సులు బారులు తీరి ఉంటాయి. ప్రతి బస్సు పక్కన బ్యాక్‌ప్యాకుతో మన పిల్లలు. సోమవారం తెల్లవారుజామున అదే రోడ్డు మీద కళ్లు నులుముకుంటూ దిగుతారు. అమ్మానాన్నల్ని చూడటానికి వెళ్లడాన్ని తప్పుపట్టేవాణ్ని కాను. కానీ ప్రతి వారం వెళ్లేవాడికి బెంగళూరు అంటే అయిదు పనిదినాలు, ట్రాఫిక్కు. ఈ ఊరి ఆదివారం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. సొంతూళ్లో కూడా అతను శనివారం మధ్యాహ్నం దాకా నిద్రపోయే అతిథే. రెండిళ్లలోనూ సగం సగం. కలెర్వో ఓబర్గ్ అనే మానవ శాస్త్రవేత్త 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగంలో పరాయిచోట స్థిరపడే మనిషి మనసు తిరిగే మలుపులను వివరించాడు. మొదట కొత్త పెళ్లికొడుకు ఉత్సాహం, తర్వాత ప్రతిదానిమీదా చిరాకు, ఆపైన మెల్లగా కోలుకోవడం, చివరికి కలిసిపోవడం. చిరాకు దశలో ఉన్నవాడు తన ఊరివాళ్లతో కూర్చుని ఈ ఊరిని తిట్టుకుంటూ కాలం గడుపుతాడని కూడా గమనించాడు. ప్రతి శుక్రవారం బస్సెక్కేవాడికి ఆ చిరాకు దశ దాటే అవకాశమే రాదు. నెలకు రెండు వారాంతాలు ఇక్కడ ఉండి చూడండి. మొదటి రెండూ బోరు కొడతాయి, కొట్టనివ్వండి.

ఉండిపోతే మొదట పరిచయమయ్యేది నీళ్లు. ఇక్కడికి కావేరి దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, ఎత్తుకు పంపు చేస్తే వస్తుంది. 2024 వేసవిలో వేల బోర్లు ఎండిపోయినప్పుడు, మంచినీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అదే ఏడాది అక్టోబరులో కావేరి నీటి పథకం అయిదో దశ మొదలై శివార్లలోని 110 గ్రామాలకు ఆ నీళ్లు వెళ్లే దారి ఏర్పడింది. అయినా మీ వీధికి కావేరి ఏ రోజు వస్తుంది, సంపులోకి ఎంత చేరుతుంది, ఓనరు మోటారు ఎన్నింటికి వేస్తాడు, సోలార్ వేడినీళ్లు పొద్దున ఎన్నింటికి అయిపోతాయి అన్నవి ఏ యాప్ చెప్పదు. కింద ఉన్న ఆంటీ చెప్తుంది. చెత్త సంగతి కూడా అంతే. 2015లో కర్ణాటక హైకోర్టు ఆదేశంతో వచ్చిన రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి ఇక్కడ నడుస్తోంది: తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పారేయక తప్పని వాటికి ఎరుపు, పొడి చెత్తకు సంచి. పొద్దున్నే ఆటో వచ్చే వేళకు కిందికి దిగకపోతే ఆ తడి బుట్ట మీతోపాటే రాత్రంతా ఒకే గదిలో పడుకుంటుంది. చిన్న ఇంట్లో బద్ధకానికి వాసన ఉంటుంది.

కన్నడం నేర్చుకోమని ఉపన్యాసాలు అక్కర్లేదు. లిపి సగం మనదే, బస్సు బోర్డులు నెలరోజుల్లో చదివేయవచ్చు. ‘నీరు యావాగ బరుత్తె’ అని కింద ఇంటివాళ్లను అడగండి, ‘ఊట ఆయ్తా’ అని వాచ్‌మన్‌ను పలకరించండి. తప్పుగా పలికితే నవ్వుతారు, సరిచేస్తారు, ఆ తర్వాత గుర్తుపడతారు. తెలుగులోనే అంతా గడిచిపోయే పేటల్లో ఉన్నవాళ్లకు ఇది అనవసరమనిపిస్తుంది. గడిచిపోవడానికి అవసరం లేదు నిజమే. రాత్రి రెండు గంటలకు జ్వరం ముదిరితే తలుపు తట్టడానికి ఒక ఇల్లుండాలంటే మాత్రం అవసరం.

ఇవన్నీ ఒక్క వారంలో అలవాటు కావు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగిపోయే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 అని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదనీ తేలింది. కాబట్టి పక్క ఎత్తడం ఒక రోజు మరిచారని మొత్తం వదిలేయకండి.

ఒకరోజు ఖాళీ చేయాల్సి వస్తుంది. అప్పుడు కూడా చేయాల్సింది ఉంటుంది. చేరిన రోజే గోడలకు, కుళాయిలకు, గీజరుకు ఫోటోలు తీసి ఓనరుకు పంపి ఉంటే, పెయింటింగు పేరుతో ఒక నెల అద్దె పట్టుకునే ఇక్కడి అలవాటు దగ్గర వాదన సులువవుతుంది. సంతకం చేసేటప్పుడే ఆ మొత్తం ఎంతో ఒప్పందంలో రాయించుకుంటే వాదనే ఉండదు. నోటీసు గడువు పాటించండి, కరెంటు బిల్లు కట్టిన రసీదు చేతికివ్వండి. తర్వాత అద్దెకు దిగబోయే కుర్రాడు ఇల్లు చూడటానికి వస్తాడు. మడత కుర్చీ కావాలా అని అతన్ని అడగండి. నీళ్ల క్యాన్ తెచ్చే అతని నంబరు, మోటారు వేసే వేళ, ఏ షాపులో కూరగాయలు బాగుంటాయో, వర్షమొస్తే ఏ మూల చెమ్మ దిగుతుందో రాసి ఒక కాగితం ఇవ్వండి. ఓనరు ముందు చెప్పడానికి మొహమాటమైతే చెమ్మ సంగతి మెట్ల దగ్గర చెప్పండి, అడ్వాన్సు తగ్గించమని అతను బేరమాడుకుంటాడు.